వకీలు గారి బదిలీ

బ్యాంకు ఉద్యోగమంటే బదిలీల ఉద్యోగం. ఆర్డరు చేతికి రాగానే పెట్టే బేడా సర్దుకోవడం మా ఇళ్ళలో మామూలే. అందుకేనేమో, ఎవరి జీవితం గురించి చదివినా ఎక్కడి నుంచి ఎక్కడికి వేశారన్నదే ముందు చూస్తాను. ఈమాటు ఉక్రెయిన్ దేశపు ఒక వకీలు గారి బదిలీ గురించి రాస్తున్నాను.

ఆయన పేరు ఒలేహ్ సినియెహుబోవ్. 1983లో పుట్టారు. ఖార్కివ్ నగరంలో, పోలీసు శాఖకు అధికారులను తయారుచేసే విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివారు. 2019 నవంబరులో అధ్యక్షుడు జెలెన్‌స్కీ ఆయన్ని పొల్తావా ప్రాంతానికి అధిపతిగా నియమించారు. అప్పటికి ఆయన వయసు 36.

ఆ పదవి సంగతి కాస్త చెప్పాలి. అక్కడ ప్రాంతీయ మండలికి సభ్యులను జనం ఎన్నుకుంటారు. పరిపాలన నడిపే అధిపతిని మాత్రం మంత్రివర్గం సూచించిన మీదట అధ్యక్షుడే నియమిస్తాడు. మన కలెక్టరులాగా పరీక్ష రాసి వచ్చినవాడు కాదు, ఎమ్మెల్యేలాగా ఓట్లడిగి వచ్చినవాడూ కాదు. ఇలాంటి ఏర్పాటు నాకంతగా నచ్చదు. వేసినవాడి ముఖం చూసి పనిచేసే అలవాటు అందులోంచే పుడుతుంది.

2021 డిసెంబరు 24న ఆయన్ని ఖార్కివ్ ప్రాంతానికి మార్చారు. దాని విస్తీర్ణం సుమారు 31,400 చదరపు కిలోమీటర్లు, అంటే పాత అనంతపురం జిల్లాకు ఒకటిన్నర రెట్ల పైమాటే. ఖార్కివ్ నగరం నుంచి రష్యా సరిహద్దు నలభై కిలోమీటర్లయినా ఉండదు. చార్జి తీసుకుని సరిగ్గా రెండు నెలలు, 2022 ఫిబ్రవరి 24న యుద్ధం వచ్చిపడింది. కొత్త బ్రాంచిలో రెండు నెలలకు స్టాఫు పేర్లయినా నోటికి రావు!

27వ తేదీన రష్యా బండ్లు నగరంలోకే చొరబడ్డాయి. ఇళ్ళలోంచి కదలవద్దని జనానికి చెప్పిందీ, ఆ రోజే నగరం మళ్ళీ మన చేతిలోనే ఉందని ప్రకటించిందీ ఆయనే. మార్చి 1న క్షిపణి వచ్చి ఆయన పరిపాలనా భవనాన్నే కొట్టింది. ఆ రోజే అదే నగరంలో, తిండి కోసం బయటికి వచ్చిన మన కర్ణాటక వైద్య విద్యార్థి ఒకరు ప్రాణం పోగొట్టుకున్నాడు. మర్నాడు మన రాయబార కార్యాలయం, బండి దొరకకపోతే నడిచైనా ఖార్కివ్ వదలండని పిల్లలకు చెప్పింది. ఆ వారం మన ఇళ్ళలో టీవీ కట్టేసినవాళ్ళు లేరు.

ఆ సెప్టెంబరులో ఉక్రెయిన్ సైన్యం బలాక్లియా, కుపియాన్‌స్క్, ఇజూమ్ పట్టణాలను తిరిగి పట్టుకుంది. ఇజూమ్ పక్క అడవిలో 440కి పైగా సమాధులు బయటపడ్డాయి. ఒక వంక శవాలను తవ్వి తీసి పోల్చుకోవాలి, ఇంకో వంక బతికున్న ముసలివాళ్ళకు ఆగిపోయిన పింఛను అందించాలి. ఆ డబ్బు తపాలా శాఖ బండ్లలో వెళ్ళింది. క్యాష్ కౌంటరు ఎరిగిన నాకు, విజయ ప్రకటనల కంటే ఆ బండ్లే పెద్ద విషయంగా కనబడ్డాయి.

మరుసటి ఏడు మళ్ళీ పరీక్ష. 2023 ఆగస్టులో కుపియాన్‌స్క్ వైపు పోరు ముదిరింది. అక్కడి ఊళ్ళను తప్పనిసరిగా ఖాళీ చెయ్యాలని ఉత్తర్వులు వెలువడ్డాయి. ఏడాది కిందట విముక్తి అయిందని ఊపిరి పీల్చుకున్న ఇళ్ళవే అవి. ఆవును వదిలి, ఆలుగడ్డ మడిని వదిలి ముసలివాళ్ళు కదలరు గదా. కదలనివాళ్ళ విషయంలో యంత్రాంగం చేసింది వకీళ్ళకు, మా బ్యాంకువాళ్ళకు బాగా తెలిసిన పనే. రామని కాగితం మీద రాసి సంతకం పెట్టమంది.