నీళ్లడుగుతున్నాం, మురుగు కాలువ ఏది?

రాయలసీమకు నీళ్లొస్తే చాలు, తక్కినవన్నీ వాటంతటవే చక్కబడతాయన్న మాట ప్రతి సభలోనూ వినబడుతోంది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక నుంచీ నీటి కోసం మనం చేస్తున్న పోరు న్యాయమైనది. ఒక్క టీఎంసీ కూడా వదులుకోవద్దు. ఆ ‘చాలు’ అన్నదాన్నే నేను ఒప్పుకోను. మురుగు పోయే దారి చూపకుండా రేగడికి నీళ్లు పెడుతూ పోతే ఆ నేల చౌడుబారుతుంది.

లెక్క వేసి చూడండి. ఎకరం వరిమడికి పంటకాలంలో మీటరు లోతు నీరు పెడితే దాదాపు 40 లక్షల లీటర్లు. లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలున్నా, అవి తాగదగిన నీళ్లే అయినా, కోతల నాటికి 1,200 కిలోల ఉప్పు ఆ ఎకరంలోకి చేరుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బి, నీటిని కిందికి దిగనివ్వదు. ఎగువ మళ్ల ఊట పల్లపు చేలకు చేరుతుంది. ఎండ ముదిరేసరికి అక్కడ ఉప్పు తెల్లగా పేరుకుంటుంది.

కర్నూలు-కడప కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించినప్పుడు, వానకే జొన్న, పత్తి పండించుకునే రేగడి రైతులు ఆ నీళ్లు తీసుకోవడానికి వెనకాడారు. కంపెనీకి నష్టాలొచ్చి 1882లో కాలువ ప్రభుత్వపరమైంది. కాలువ గొప్పతనాన్ని తడిసిన ఎకరాలతోనే కొలిచే అలవాటు మాత్రం ఇప్పటికీ పోలేదు.

‘చౌడుదేముంది, జిప్సం చల్లితే పోతుంది’ అంటారు. ఉప్పు పేరుకున్న పాలచౌడుకు జిప్సం అవసరమే లేదు, మంచినీటితో ఉప్పును కడిగేయాలి. సోడియం పట్టిన కారుచౌడులో జిప్సంలోని కాల్షియం సోడియాన్ని మట్టి నుంచి విడదీస్తుంది, అంతే. విడిపోయిన సోడియాన్ని బయటికి పంపాల్సింది నీరూ, మురుగు కాలువా. ఆ మురుగు కాలువ లేకపోతే సోడియం అక్కడే ఉంటుంది, లేదా పక్క రైతు చేలోకి దిగుతుంది. సబ్సిడీ బస్తాల లెక్క చూపి నేల బాగుచేశామనడం రైతును మోసగించడమే. సాగునీటి కాలువ అందని చోట్ల సోడియం బైకార్బొనేట్ ఎక్కువున్న బోరునీళ్లూ కారుచౌడును పెంచుతాయి. మట్టితో పాటు నీటినీ పరీక్ష చేయించాలి.

మనకు ఎగువన, 1953లో నీరొదిలిన తుంగభద్ర ఎడమ కాలువ కింద, గంగావతి ప్రాంతంలో వరి మళ్లు చౌడుబారాయి. భూమి లోపల గొట్టాలు వేసి మురుగు తీసే పద్ధతుల మీద అక్కడ పరిశోధన చేయాల్సొచ్చింది. పాడయ్యాక చేసే ఆ ఖర్చును మనం ముందే తప్పించుకోవచ్చు.

కొత్త ఎత్తిపోతలకు అంచనా వేసినప్పుడే మురుగు కాలువలకూ డబ్బు కేటాయించాలి. కుందూలో కలిసే వంకల పూడిక తీయాలి. పల్లపు చేలల్లో వరి మాని ఆరుతడి పంటలు వేసే రైతుకు నీటి వాటా తగ్గదని రాసివ్వాలి. ఇన్ని టీఎంసీలు తెస్తామని వచ్చే ప్రతి నాయకుణ్ణీ, ఆ మురుగు ఎటు పోతుందో చూపే పటం కూడా తెమ్మని మన ఊళ్లు నిలదీయాలి.