ముడతల కుక్కకు కావలసింది పొడిగుడ్డ

2003లో ఒక టెలిఫోన్ కంపెనీ ప్రకటనలో కుర్రవాడి వెంట తిరిగిన పగ్ కుక్కను చూసి మన దేశంలో ఎందరో ముచ్చటపడ్డారు. నేడు పల్లెల్లో సయితం అక్కడక్కడ ఈ ముడతల మొగం కుక్కలు కనిపిస్తున్నవి. కొనేటప్పటి మోజు పెంచేటప్పుడు లేకపోవడం విచారకరం.

చైనాలో పుట్టిన ఈ జాతికి బొచ్చు పొట్టిది. అందుకని చాకిరీ వుండదనుకుంటే పొరపాటే. మొగం ముడతల్లో కన్నీరు, చొంగ, మెతుకులు చేరి తడి నిలుస్తుంది. గాలి ఆడని ఆ చోట సూక్ష్మక్రిములు పెరిగి చర్మం ఎర్రబడుతుంది, కంపు కొడుతుంది, చివరకు పుండవుతుంది. నివారణకు ఖర్చేమీ లేదు. రోజూ ముడత విప్పి తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. స్నానం నెలకు ఒకటి రెండుసార్లు చాలు. బట్టల సబ్బు పనికిరాదు.

గోకుడు కనిపించగానే కొందరు కిరసనాయిలు, పాత ఇంజనాయిలు పూస్తున్నారు. అది చర్మాన్ని కాలుస్తుంది. కుక్క నాకితే విషమై లోపలికి పోతుంది. గోకుడుకు కారణం పిడుదులా, గజ్జిపురుగా, ముడతల్లో తడా అన్నది పశువైద్యుడే తేల్చాలి. ఒక రకం గజ్జి ఇంట్లో పిల్లలకూ అంటుతుంది. పశువుల ఆసుపత్రికి కుక్కను తీసుకుపోవడానికి నామోషీ దేనికి?

పొట్టి ముక్కు వల్ల ఈ కుక్క ఎండకు తాళలేదు. నీడ, నీరు తప్పనిసరి. రోజుకు అయిదు నిముషాల తీరిక లేనివారు దీనిని కొనరాదు. కొని, పుండ్లు పడ్డాక బస్టాండులో వదలివేయడం మనుషులు చేసే పని కాదు. కాపలాకయితే మన వూరకుక్కే చాలు.