ఆకాశంలో యాక్సిడెంట్

అక్కడ ఇరుకు సందులుండవు. గుడ్డి మలుపులుండవు. అంత విశాలమైన అంతరిక్షంలో రెండు ఉపగ్రహాలు గుద్దుకుంటాయా? కాగితం మీద లెక్కలు వేసుకోవడానికే తప్ప, నిజంగా జరిగేదేనా అనుకునేవారు చాలామంది... 2009 ఫిబ్రవరి 10 దాకా!

ఆ రోజు మన టైము ప్రకారం రాత్రి 10.26 గంటలు. సైబీరియా ఉత్తర కొసన ఉన్న తైమిర్ ద్వీపకల్పం మీదుగా, దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తున ఇరిడియం-33 అనే అమెరికన్ ఉపగ్రహం తన దారిన తాను పోతోంది. అడ్డంగా దూసుకొచ్చింది రష్యా వారి కాస్మోస్-2251. రెండింటి మధ్యా వేగం సెకనుకు 11.7 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి విజయవాడకు పాతిక సెకన్లలోపే వెళ్లిపోవచ్చు! అంతే, రెండూ తునాతునకలైపోయాయి. రెండు నిండు ఉపగ్రహాలు ఢీకొనడం చరిత్రలో అదే మొదటిసారి.

ఇంతకీ ఏమిటీ ఇరిడియం? సెల్ టవర్ లేని నడిసముద్రంలోనైనా, ఎడారిలోనైనా ఫోన్ మోగాలన్నది మోటరోలా ఇంజినీర్ల ఆలోచన. అందుకు భూమి చుట్టూ 77 ఉపగ్రహాలు కావాలని మొదట లెక్క వేశారు. ఇరిడియం మూలకం పరమాణు సంఖ్య కూడా 77. అలా వచ్చిందా పేరు. తర్వాత 66 చాలన్నారు కానీ పేరు మార్చలేదు. ఒక్కోటీ సుమారు వంద నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తుంది. నెత్తి మీదున్న ఉపగ్రహం కొద్ది నిమిషాల్లో దాటిపోతే, వెనకొచ్చేది కాల్‌ని అందుకుంటుంది. 1998 నవంబరులో సేవలు మొదలయ్యాయి. ఫోన్ ఖరీదేమో సుమారు 3 వేల డాలర్లు! కొనేవాళ్లు లేక 1999 ఆగస్టులో కంపెనీ దివాలా తీసింది. ఉపగ్రహాలన్నిటినీ కిందికి దించి మండించేద్దామనీ అనుకున్నారు. దాదాపు 500 కోట్ల డాలర్ల ఆ వ్యవస్థని 2000 చివర్లో కేవలం రెండున్నర కోట్ల డాలర్లకు వేరేవాళ్లు కొనడంతో బతికి బట్టకట్టింది.

మరి ఆ రాత్రి తప్పెవరిది? కాస్మోస్-2251ని 1993లో పంపారు. రెండేళ్లకే మూలపడింది. పక్కకు తప్పించే వీల్లేదు. ఇరిడియం-33 మాత్రం బాగానే పనిచేస్తోంది, కావాలంటే జరగగలదు. కానీ ఎప్పుడు జరగాలి? ఆ రోజు వేసిన ఓ అంచనా ప్రకారం రెండూ 584 మీటర్ల ఎడంతో దాటిపోవాలి. అంతకన్నా దగ్గరగా వచ్చేవే ఆ జాబితాలో ఇంకా ఉన్నాయి. ఇలాంటి హెచ్చరికలు రోజూ వచ్చేవే. ప్రతిదానికీ పక్కకు జరుపుతూ పోతే ఇంధనం ఖర్చు. పైగా ఆ అంచనాల్లో వందల మీటర్ల తేడా మామూలే. అలా ఎవరూ కదలలేదు.

ఇరిడియం వాళ్లు కక్ష్యలో ఉన్న స్పేర్ ఉపగ్రహాన్ని ఆ ఖాళీలోకి జరిపారు. ఫోన్లకు ఇబ్బంది తీరింది. చెత్త మాత్రం మిగిలింది. రాడార్లకు చిక్కిన పెద్ద ముక్కలే 2 వేలకు పైగా! 2012 మార్చిలో కాస్మోస్ ముక్క ఒకటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వైపు వస్తోందని తెలిసి, అందులోని ఆరుగురు వ్యోమగాములూ ముందుజాగ్రత్తగా సోయుజ్ నౌకల్లోకి వెళ్లి కూర్చున్నారు. అదృష్టం, ముక్క దాటిపోయింది.

ఇప్పుడు తక్కువ ఎత్తు కక్ష్యల్లో రద్దీ ఎన్నో రెట్లు పెరిగింది. స్టార్‌లింక్ ఉపగ్రహాలే వేలల్లో ఉన్నాయి. మన శ్రీహరికోట నుంచీ 2022 అక్టోబరులో, 2023 మార్చిలో వన్‌వెబ్ ఉపగ్రహాలు 72 వెళ్లాయి. అందుకే నిబంధనలూ బిగుస్తున్నాయి. పని పూర్తయిన ఉపగ్రహాన్ని పాతికేళ్లలోగా దించితే చాలన్నది పాత పద్ధతి. అమెరికా 2022లో దాన్ని అయిదేళ్లకు కుదించింది. 2030 నాటికి మన దేశం నుంచి వెళ్లే ప్రయోగాలేవీ చెత్త మిగల్చకూడదని ఇస్రో లక్ష్యం పెట్టుకుంది. ఇరిడియం కూడా 2017-19 మధ్య 75 కొత్త ఉపగ్రహాలను పంపి, మాట వినే పాతవాటిని కిందికి దించేసింది.

అటక మీద పడేసిన పాత సామాను కదలకుండా ఓ మూలన పడుంటుంది. ఆ ఎత్తున వదిలేసిన ఉపగ్రహం మాత్రం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల చొప్పున తిరుగుతూనే ఉంటుంది... ఎవరో ఒకరికి ఎదురయ్యేదాకా!