ఒళ్ళు చేయడం ఆరోగ్యమా?

ఎవరైనా కొంత లావెక్కితే తెలుగులో ‘ఒళ్ళు చేశాడు’ అంటాము. ఉర్దూలో అదే వ్యక్తిని ‘సేహత్‌మంద్’ అని మర్యాదగా పేర్కొంటాము. సేహత్ అనగా ఆరోగ్యం. బక్కపలచని పిల్లవానిని చూసి జాలిపడే పెద్దలు బొద్దుగా ఉన్నవానిని చూసి మురిసిపోతారు. కరవులను చూచిన తరాలకు ఈ భావన సహజమే. తిండికి లోటు లేని ఇండ్లలోను అదే భావన కొనసాగడం మాత్రం ప్రమాదకరమని మా అభిప్రాయం.

స్థూలకాయం గుండెకు చేటని అందరూ ఎరుగుదురు. అయితే ఆ చేటు రక్తపోటు, మధుమేహం, కొలెస్టరాల్ అనే ద్వారాల గుండానే ప్రవేశిస్తుందని పలువురి నమ్మకం. అందుచేతనే ‘నాకు షుగరు లేదు, బి.పి. లేదు, ఇక భయమేమి?’ అని ధీమాగా పలికేవారు మన మధ్య అనేకులు. ఆ ధీమా చెల్లదని విజ్ఞానశాస్త్రం హెచ్చరిస్తున్నది.

గుండె కండరంలో ట్రోపోనిన్ అనే మాంసకృత్తు ఉన్నది. కండరం సంకోచించడంలో దానిది ముఖ్యపాత్ర. కణాలు దెబ్బతిన్నప్పుడు అది రక్తంలోకి వెలువడుతుంది. గుండెపోటును నిర్ధారించడానికి వైద్యులు ఈ పదార్థాన్నే వెదకుతారు. అతి సూక్ష్మమైన పరీక్షలు వచ్చిన తరువాత, ఏ నొప్పీ ఎరుగని మనిషి రక్తంలో సైతం దాని జాడను పట్టగలుగుతున్నారు.

అమెరికాలో 1987లో ఆరంభమైన ‘ఆరిక్’ అనే దీర్ఘకాలిక అధ్యయనంలో పాల్గొన్నవారి నుండి, హృద్రోగం లేని 9,500 మందికి పైగా స్త్రీపురుషుల వివరాలను జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2014లో ఫలితాలను ప్రకటించారు. శరీర భారం హెచ్చిన కొద్దీ రక్తంలో ట్రోపోనిన్ అధికంగా ఉండడం కూడా హెచ్చినది. మధుమేహం, రక్తపోటు మొదలైనవాటి ప్రభావాన్ని లెక్కలోనికి తీసుకున్న పిమ్మట కూడా ఆ సంబంధం చెరగలేదు. సాధారణ బరువు కలిగి ట్రోపోనిన్ కనబడనివారితో పోల్చగా, తీవ్ర స్థూలకాయంతో పాటు ట్రోపోనిన్ కూడా హెచ్చుగా ఉన్నవారికి గుండె వైఫల్యపు ముప్పు తొమ్మిది రెట్లకు మించినది. ఇట్టి అధ్యయనం సంబంధాన్ని చూపునే గాని కారణాన్ని పూర్తిగా నిరూపింపజాలదు. అయినను నొప్పి లేదు గనుక గుండె క్షేమమనే తర్కం ఇక నిలువదు.

ఇది ఎట్లు సంభవిస్తుంది? కొవ్వు కేవలం మోసే మూట కాదు; రసాయనాలను వెలువరించే సజీవ కణజాలం. ఆకలిని అదుపుచేసే లెప్టిన్ అనే హార్మోను కొవ్వు కణాల నుండియే పుడుతుందని 1994లో వెల్లడైనది. కొవ్వు మితిమీరినప్పుడు శోథను ప్రేరేపించే పదార్థాలు పెరుగుతాయి. రక్తనాళాలకు మేలుచేసే అడిపోనెక్టిన్ తగ్గుతుంది. పెరిగిన దేహానికి అదనపు రక్తాన్ని పంపవలసి వచ్చి గుండె గోడలు మందమెక్కుతాయి.

అమెరికా వారి సంగతి మనకెందుకని కొందరనవచ్చును. నిజానికి మనమే మరింత జాగ్రత్త వహించాలి. పుణె నగరపు వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ కలిసి 2004లో తమ దేహాలనే ఉదాహరణగా లోకానికి చూపారు. ఎత్తు, బరువుల నిష్పత్తి ఇద్దరికీ సమానమే: 22.3. కాని కొవ్వు యుడ్కిన్ శరీరంలో 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం! సన్నగా కనిపించే భారతీయుని పొట్టలో కొవ్వు దాగి ఉండవచ్చునన్నమాట. అందుకే మన దేశంలో నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదని వైద్యులు హద్దు నిర్ణయించారు.

విద్యార్థులారా! మీరందరు ట్రోపోనిన్ పరీక్షకు పరుగెత్తాలని మేము చెప్పడం లేదు. దర్జీవాని టేపు చాలును. దినమంతా ఉపవాసముండి ఇఫ్తారు వేళ నూనెలో వేగిన పదార్థాలతో కడుపు నింపుకొనడం రోజా ఉద్దేశమునకే విరుద్ధం. మితాహారం మన ధర్మం బోధించినదే గాని వైద్యులు కొత్తగా కనిపెట్టినది కాదు. అట్లని లావుగా ఉన్న సహాధ్యాయిని ఎగతాళి చేయడం కూడా తగదు. పరిహాసం వలన ఎవరి బరువూ తగ్గదు. వారు క్రీడాస్థలానికి రావడమే మానుకుంటారు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపములు రెండు. వారానికి కనీసం మూడు దినములు టైంటేబిల్‌లో ఆటలకు ఒక గంట కేటాయించాలి. ఆ గంటను సిలబస్ పూర్తి కాలేదను నెపంతో మా వంటి అధ్యాపకులు కాజేయకుండా చూడాలి. రెండవది, విద్యార్థినులకు సంకోచం లేకుండ ఆడుకొనే ప్రత్యేక స్థలం కల్పించాలి. మన బాలికలలో అనేకులకు ఇంటికీ తరగతి గదికీ నడుమ కాళ్ళు చాచి పరుగెత్తే చోటే లేదు. వారి గుండెలు కూడా గుండెలే కదా!

భవనాలకు, గ్రంథాలకు నిధులు సమకూర్చడం ఘనకార్యమే. ఆ గ్రంథాలు చదివిన యువకులు నలభై ఏళ్ళకే ఆస్పత్రి మంచం ఎక్కకుండ చూడడం అంతకు తక్కువైన విద్యాసేవ కాదని మా దృఢ విశ్వాసం.