శిక్ష అంటే దండన కాదు

తెలుగు వాడుకలో 'శిక్ష' అనే శబ్దానికి దండన అనే అర్థమే మిగిలింది. వైదిక వాఙ్మయంలో దాని అర్థం వేరు. వేదాంగాలు ఆరింటిలో శిక్ష ఒకటి. తైత్తిరీయోపనిషత్తులో మొదటి భాగానికి శీక్షావల్లి అని పేరు. అక్కడ శిక్ష అనగా అభ్యాసం, గురుసన్నిధిలో దేహాన్నీ వాక్కునూ మనస్సునూ ఒక క్రమంలోకి తెచ్చుకోవటం. భారత నౌకాదళం ధ్యేయవాక్యంగా స్వీకరించిన వరుణప్రార్థన ఆ వల్లి ఆరంభంలోని శాంతిపాఠంలోనిదే. నెల్లూరు సముద్రతీరంలో పుట్టి సైన్యంలోనో నౌకాదళంలోనో చేరదలచిన యువకునికి ఈ రెండు అర్థాల భేదం కేవలం నిఘంటువిషయం కాదు. శిక్షణకేంద్రంలో గడపబోయే నెలలను అతడు దండనగా అనుభవిస్తాడా, విద్యగా స్వీకరిస్తాడా అన్నది ఇంటి గడప దాటక మునుపే చాలావరకు నిర్ణయమవుతుంది.

మైపాడు, కొత్తకోడూరు, రామతీర్థం తీరాలలో తెల్లవారకముందే పరుగెత్తే యువకులు నేడు అపూర్వదృశ్యం కాదు. 2022 జూన్ 14న ప్రకటితమైన అగ్నిపథ్ పథకం తరువాత సైన్యప్రవేశమార్గమే మారింది. నాలుగు సంవత్సరాల సేవ. ఆ తరువాత స్థిరంగా నిలుపుకొనేది నూటికి ఇరువదియైదు మందికి మించకుండా. 2023 నుండి పదాతిదళ నియామకంలో ముందు ఆన్‌లైన్ పరీక్ష, దానిలో నెగ్గినవారికే ర్యాలీ. నెల్లూరు జిల్లా గుంటూరులోని సైనిక నియామక కార్యాలయ పరిధిలోనిది. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగును ఐదున్నర నిమిషాలలో ముగించినవానికి పూర్తిగా 60 మార్కులు. పది పుల్లప్‌లకు 40. తొమ్మిది అడుగుల గోతిని దూకాలి, వంకరటింకర దూలంపై తూకం తప్పక నడవాలి. అగ్నివీర్ అనే పేరులో అగ్ని ఉన్నది, ఋగ్వేదంలో మొదటి శబ్దమూ అగ్నియే. కానీ పేరులోని అగ్ని మోకాళ్లలోకి దానంతటదే దిగిరాదు.

ర్యాలీ తేదీ వెలువడిన వారంలో ఆలయాలకు మొక్కులు పెరుగుతాయి. తలనీలాలు, నూటెనిమిది ప్రదక్షిణలు, కొబ్బరికాయలు. భక్తిని ఆక్షేపించే అధికారం ఎవరికీ లేదు. కానీ ఆరునెలలు నిద్రించి ఆరురోజులు ప్రదక్షిణలు చేసేవాడు దేవతను తన సోమరితనానికి పూచీదారుగా నిలబెడుతున్నాడు. అర్జునునికి శివానుగ్రహం లభించినది తపస్సు చేసిన తరువాత. అంతకు చాలా పూర్వమే అతడు ద్రోణుని వద్ద చీకటిలో బాణప్రయోగం అభ్యసించినవాడు. ఒక రాత్రి భోజనవేళ గాలికి దీపం ఆరిపోయినా చేయి తప్పక నోటికే చేరటం గమనించి, అభ్యాసబలం ఇంతటిదా అని విల్లు అందుకున్నాడని ఆదిపర్వం చెబుతుంది. ఆ కథలో దైవప్రార్థన లేదు. ఉన్నది అన్నం, చీకటి, అలవాటు పడిన చేయి.

ఆనందాన్ని కొలవబోయిన తైత్తిరీయం తన లెక్కను ఒక యువకునితో ఆరంభిస్తుంది. సజ్జనుడు, విద్యావంతుడు, దృఢకాయుడు, బలవంతుడు అయిన యువకుని ఆనందమే మానుషానందానికి ప్రమాణం. బలహీనదేహాన్ని ఆధ్యాత్మికతకు గుర్తుగా భావించేవారు ఈ భాగాన్ని మరల చదువుకోవాలి. ఆ వల్లియే అన్నమయం, ప్రాణమయం, మనోమయం అంటూ ఒకదానిలో ఒకటిగా కోశాలను విప్పి చూపుతుంది. సైనికశిక్షణకు సిద్ధపడేవానికి ఈ వరుస యథాతథంగా పనికివస్తుంది.

మొదట అన్నం. మత్స్యకారగృహాలలో చేప నిత్యాహారం. సాత్త్వికాహారమనే పేరుతో ఆ బాలుని కంచంలోని చేపను తీసివేయమనటం ధర్మోపదేశం కాదు, అవివేకం. మాంసం తినని ఇంటివాడు పప్పు, పెరుగు, పాలు, వేరుశనగ, మొలకెత్తిన పెసలు ఎక్కువగా తీసుకోవాలి. రెండుపూటలా మొలకొలుకుల అన్నమూ చారూ మాత్రమే తిని కండరం పెరగాలంటే పెరగదు. గీత ఆరవ అధ్యాయం నిషేధించినది అతిభోజనాన్ని మాత్రమే కాదు, అభోజనాన్ని కూడా. నిద్ర విషయంలోనూ అదే మాట. రాత్రి ఒంటిగంట వరకు ఫోనులో మునిగి, నాలుగింటికి లేచి పరుగెత్తేవాడు బ్రాహ్మీముహూర్తాన్ని పాటిస్తున్నాననుకోవటం ఆత్మవంచన. అంగట్లో దొరికే ఉత్తేజక పానీయాల గురించి, ర్యాలీ ముందు కొందరు చెవిలో చెప్పే సూదిమందుల గురించి ఎక్కువ చర్చ అనవసరం. అవి విషాలు, గుండెకూ, నియామకానికీ చేటు.

తరువాత పరుగు. సముద్రతీరవాసికి ఇసుక సొంత నేల, కనుక దానినే నమ్ముకుంటాడు. మెత్తని ఇసుకలో పరుగు పిక్కలకు బలమిస్తుంది, నిజమే. కానీ పరీక్ష జరిగేది గట్టినేలపై, శిక్షణలో కవాతు జరిగేది అంతకంటే గట్టి మైదానంలో, బరువైన బూట్లతో. ఏడాదిపొడవునా ఇసుకలోనే పరుగెత్తి, ఒక్కసారిగా గట్టినేలకు మారినవాని ముంజంఘ ఎముక ఆ తాకిడికి అలవాటు పడి ఉండదు. శిక్షణార్థుల కాళ్లలో సన్నని చీలికలు ఏర్పడటం లోకమంతటా సైన్యాలు ఎరిగిన బాధ. ఆ ఎముక వారాల మీద గట్టిపడుతుంది, రోజుల మీద కాదు. వారంలో కొన్ని దినాలు ఇసుక, కొన్ని దినాలు మట్టిబాట, ఒక దినం పూర్తి విశ్రాంతి, దూరాన్ని కొద్దికొద్దిగా పెంచటం: ఇంతకంటే రహస్యమేమీ లేదు. ఐదున్నర నిమిషాలంటే నాలుగువందల మీటర్ల చుట్టుకు సుమారు 82 సెకన్లు. మొదటి చుట్టును అరవైయైదు సెకన్లలో ముగించి మూడవ చుట్టులో కూలిపోయేవారిలో లోపించినది బలం కాదు, నిగ్రహం.

ఇక్కడి కాలాన్ని కూడా గమనించాలి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పుతీరంలో యాంత్రికపడవల వేట నిషిద్ధం. జువ్వలదిన్నె మొదలుకొని కృష్ణపట్నం వరకు వలలు ఒడ్డున ఉండే ఆ అరువదియొక్క దినాలే పల్లెయువకునికి దొరికే తీరిక. అవే నెల్లూరు మండిపోయే దినాలు. రోహిణీకార్తె అందులోనే వస్తుంది. సూర్యోదయానికి ముందే సాధన ముగియాలి. ఉప్పు కలిపిన మజ్జిగ దగ్గర ఉండాలి. చెమట ఆగిపోయి తల తిరిగితే అది పౌరుషపరీక్ష కాదు, ప్రాణాపాయం. ఇక కార్తీక మార్గశిరాలలో వాయుగుండాలు వచ్చి దారులు నీటిపాలైనప్పుడు ఇంటిలోనే బస్కీలు, దండీలు, సరుగుడు కొమ్మకో ఇనుపకడ్డీకో వ్రేలాడి పుల్లప్‌లు.

ప్రాణం విషయంలో ఒక హెచ్చరిక చాలు. పుస్తకం చూసి కుంభకం నేర్చి, ఆ ఊపిరిబిగింపును పరుగుతో కలిపేవారున్నారు. అది ప్రాణాయామం కాదు. నెమ్మదిగా పరుగెత్తుతూ ముక్కుతో తీసుకునే దీర్ఘశ్వాస అలవడితే ఈ దశలో సరిపోతుంది.

అసలు కష్టం మనోమయంలో ఉన్నది. ఊరిలో ఎవరూ దానికి తర్ఫీదు ఇవ్వరు. శిక్షణకేంద్రంలో మొదటి వారాలలో యువకుడు కోల్పోయేది నిద్రను కాదు, తన పేరు చుట్టూ అల్లుకున్న చిన్న గౌరవాన్ని. ఇంటిలో పెద్దకొడుకు, వీధిలో కబడ్డీ జట్టుకు నాయకుడు, పడవమీద తండ్రికి కుడిభుజం అయినవాడు అక్కడ వరుసలో ఒక సంఖ్య. పక్కము సరిగా మడవలేదని పదిమంది ఎదుట కేకలు వేస్తారు. ఒకడు తప్పుచేస్తే అందరూ మైదానం చుట్టూ పరుగెత్తాలి. ఇది అన్యాయమని తోచటం సహజం.

వేదపాఠశాలలో చేరిన బాలుని స్థితి దీనికి దూరం కాదు. ఎనిమిదవ ఏట తల్లిని విడిచి, చీకటిలో లేచి, చన్నీటిస్నానం చేసి, అర్థం తెలియని పనసను గురువు చెప్పినట్లు మరల మరల వల్లిస్తాడు. ఒక్క అనుదాత్తం తప్పితే మొదటికి రావలసిందే. సహాధ్యాయులంతా వింటూ ఉంటారు. ఎందుకు అని ఆ వయస్సులో అడిగినా సమాధానం అందదు. క్రమం, జట, ఘన దాటిన తరువాత, ఏ సభలోనైనా తడబాటు లేక స్వరం దానంతటదే పలికినప్పుడు, ఆ వల్లెవేతకు అర్థం తెలుస్తుంది. సైనికుని కవాతు కూడా అటువంటి వల్లెవేతయే. భేదం ఒక్కటి: అధ్యయనపరుని స్వరం తప్పితే పండితులు తప్పుపడతారు, సైనికుని అడుగు తప్పితే ప్రక్కవాడు మరణిస్తాడు. ఆ కేకల వెనుక ఉన్నది ఈ లెక్క.

శంకరభగవత్పాదుల పేరిట ప్రసిద్ధమైన వివేకచూడామణి తితిక్షను నిర్వచిస్తూ, దుఃఖాన్ని ప్రతీకారమూ చింతా విలాపమూ లేక సహించటమే తితిక్ష అంటుంది. దీనిని ఇంటివద్దనే అభ్యసించవచ్చు. నెలరోజులు ఫోనును సాయంకాలం ఒక్కగంటకే పరిమితం చేయటం, తన పక్కను తానే మడవటం, బట్టలు తానే ఉతకటం, తండ్రి మందలించినప్పుడు ఎదురుచెప్పక వినటం. చివరిది పుల్లప్‌ల కంటే కష్టమని చాలామంది ఒప్పుకుంటారు. కానీ తితిక్ష అంటే దాచటం కాదు. కాలి ఎముక నొప్పిని దాచి పరుగెత్తేవాడు వారాల తరబడి మంచంపాలవుతాడు. మనస్సు విరిగిందని చెప్పుకోనివాని గతి అంతకంటే దారుణం. సైన్యంలో మతాచార్యులుగా పండితులు, గ్రంథీలు, మౌల్వీలు నియుక్తులై ఉంటారు. దళాలలో సర్వధర్మస్థలాలు ఉంటాయి. వైద్యుని వద్దకో, ఆ ఆచార్యుని వద్దకో, పై అధికారి వద్దకో వెళ్లి నోరు విప్పటం భీరుత్వం కాదు. మహారథియైన అర్జునుడే అవయవాలు పట్టుతప్పి, నోరెండి, గాండీవం జారుతున్నదని సారథితో చెప్పుకున్నాడు. చెప్పుకోకుంటే గీత లేదు.

"సైన్యానికి పంపిస్తే వాడే దారికి వస్తాడు" అనే పెద్దలున్నారు. చదువబ్బని కొడుకును, మద్యానికి అలవాటుపడినవానిని శిక్షణకేంద్రం బాగుచేసి పంపుతుందని వారి ఆశ. ఇది తప్పు ఆలోచన. ఆ ద్వారం చికిత్సాలయానిది కాదు. అంతేకాదు, 'దండన' అనే అర్థాన్ని బాలుని మనస్సులో నాటేది ఈ మాటయే. పశ్చిమగోదావరిలోని మాధవరం తరతరాలుగా సైనికులను పంపిన గ్రామం. మిలటరీ మాధవరమనే పేరు దానికి ఊరకే రాలేదు. అక్కడి బాలునికి సైన్యం తాతతండ్రుల వృత్తి, గౌరవస్థానం. నెల్లూరు తీరానికి అంతటి పరంపర లేదు. పరంపర లేనిచోట దాని పనిని తల్లిదండ్రుల మాట చేయాలి.

ఆ తల్లిదండ్రులతో నిజాన్ని కూడా మాట్లాడుకోవాలి. 2025 మే నెలలో నియంత్రణరేఖ వద్ద ప్రాణమర్పించిన మురళీ నాయక్ అగ్నివీరుడే. గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ. ఉద్యోగం, జీతం, నాలుగేళ్లకు చేతికందే సొమ్ము అనే మాటల మధ్య ఈ సంగతిని దాటవేసి బిడ్డను పంపటం, పంపినవారికీ వెళ్లినవానికీ అన్యాయమే. ఆడపిల్లల ఇళ్లలోనూ ఈ సంభాషణ జరగాలి. 2023 మార్చి 28న ఒడిశాలోని చిలికా నౌకాశిక్షణకేంద్రం నుండి వెలువడిన తొలి అగ్నివీరుల జట్టులో స్త్రీలు కూడా ఉన్నారు.

బయలుదేరే ముందు మిగిలేవి చిన్న విషయాలు. హిందీ రానివాడు రోజుకు పది వాక్యాలు నేర్చుకోవాలి. ఆజ్ఞలు ఆ భాషలోనే వస్తాయి, అర్థంకాక నిలబడినవానిని అవిధేయుడనుకుంటారు. కడలిలో ఈదటం తెలిసిన పల్లెబాలుడు కొలనులో నియమబద్ధంగా ఈదటాన్ని వేరుగా నేర్వాలి. ఉప్పుగాలికి అలవాటుపడినవాడు నీలగిరులలోని వెల్లింగ్టన్‌కు వెళ్లవలసివస్తే చన్నీటిస్నానం నెల ముందే మొదలుపెట్టాలి.

శిక్షణ ముగిసిననాడు కసమ్ పరేడ్‌లో సైనికుడు తన మతగ్రంథం సాక్షిగా ప్రమాణం చేస్తాడు. హిందువుల ఎదుట ఉంచేది భగవద్గీత. ఎన్నడూ తెరవని పుస్తకంపై ప్రమాణం చేయటం బాగుండదు కనుక, రైలెక్కక మునుపే ఒకసారి తాత్పర్యంతో చదవాలి. రెండవ అధ్యాయం నుండి మొదలుపెట్టటం చాలామందికి అలవాటు. ఈ యువకుడు మాత్రం మొదటి అధ్యాయాన్ని విడువరాదు; చేతులు వణికిన యోధుడు ఉన్నది అందులోనే.