మా ఊరి హైస్కూలు మంచిదేనా?

పెడన పేరు విననివాళ్ల కోసం ఒక్క ముక్క. బందరుకి సుమారు పది కిలోమీటర్లు, గుడివాడ-బందరు రైలు మార్గంలో ఒక స్టేషను. కలంకారీ అద్దకానికీ చేనేతకీ పేరున్న ఊరు. ఎంత నెమ్మదస్తులనైనా ఐదు నిమిషాల్లో పోట్లాటకి దింపగల ప్రశ్న కూడా ఒకటుంది మా ఊళ్లో: "మన జిల్లా పరిషత్ హైస్కూలు మంచిదేనంటావా?" ఆ మాటకొస్తే ఈ ప్రశ్న మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది.

ఇన్నేళ్లుగా నేను విన్న జవాబులన్నీ పోగేస్తే నాలుగు రకాలు తేలాయి.

ఒకటి: "డిగ్రీ, బీఈడీ, టెట్, ఆపైన డీఎస్సీ. ఇన్ని గట్టెక్కిన మేష్టార్లు గవర్నమెంటు బళ్లో కాక ఇంకెక్కడుంటారు?"

రెండు: "అంత మంచి బళ్లే అయితే గవర్నమెంటు మేష్టార్లు వాళ్ల పిల్లల్ని ప్రైవేటులో ఎందుకేస్తారు?"

మూడు: "చదువు సంగతి సరేనండీ, ఇంగ్లీషు ముక్క రావాలి కదా. ఎలాంటి పిల్లల పక్కన కూర్చుంటాడో కూడా చూసుకోవాలి కదా."

నాలుగోది మనలాంటివాళ్లది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో డాలస్‌లోనో కూర్చుని, "మా రోజుల్లో ఎలా ఉండేదండీ! ఇప్పుడంతా పోయింది" అని నిట్టూర్చేవాళ్లది. ఆఖరుసారి ఆ గేటు దాటి లోపలికెళ్లి పదిహేనేళ్లయినా సరే, తీర్పు మాత్రం ఎప్పుడూ తాజాగానే ఉంటుంది :-)

నేను పదో తరగతి దాకా ఆ స్కూల్లోనే, తెలుగు మీడియంలో చదివాను. 2013లో పది అయింది. తర్వాత విజయవాడలో ఇంటర్, ఆపైన ఇంజనీరింగు, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. దాంతో మొదటి వర్గంవాళ్లు నన్ను సాక్ష్యానికి లాగుతుంటారు. "ఆ అబ్బాయి అక్కడ చదివి సాఫ్ట్‌వేరు ఇంజనీరు కాలేదా?" అని. "ఇంటర్ ప్రైవేటు కాలేజీలో చదివాడు కాబట్టి అయ్యాడు" అని రెండో వర్గం వెంటనే అందుకుంటుంది. నన్నడిగితే రెండూ చెల్లవు. నాతో పాటు అదే బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా ఏమయ్యారో చూడకుండా నన్నొక్కణ్ణే చూపించడమంటే, వంద టెస్టు కేసుల్లో పాసైన ఒక్కదాన్ని స్క్రీన్‌షాట్ తీసి మేనేజరుకి పంపడం లాంటిది.

సరే, మనుషుల్ని వదిలేసి అంకెలు చూద్దామంటారా? స్కూలు గొప్పతనానికి మనవాళ్లు చూపించే అంకె ఒక్కటే, పదో తరగతి పాస్ శాతం. మొత్తం ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 94.88 శాతం మంది పాసయ్యారు. అప్పట్లో 20 ఇంటర్నల్ మార్కులుండేవి. ఎవరి పిల్లలకి వాళ్లు వేసుకునే ఆ మార్కుల్ని తర్వాత ఎత్తేశారు. 2020, 2021లలో కరోనా వల్ల పరీక్షలే రద్దయ్యాయి, అందర్నీ పాస్ చేసేశారు. 2022లో మళ్లీ పరీక్ష పెట్టేసరికి పదకొండు పేపర్లు ఏడయ్యాయి, పాసైనవాళ్లు 67.26 శాతం. 2024లో 86.69, 2025లో 81.14. మూడేళ్లలో రాష్ట్రంలోని మేష్టార్లందరూ ఒక్కసారిగా పాఠం చెప్పడం మర్చిపోయి, మరో రెండేళ్లకి గుర్తు తెచ్చుకున్నారని ఎవరన్నా అంటే నమ్ముతామా? కరోనాలో పోయిన చదువు కొంత, పరీక్ష పద్ధతి మారడం కొంత. కొలబద్దే ఇలా కదులుతుంటే ఒక స్కూలు ఒక ఏడాది శాతాన్ని పట్టుకుని ఏం తేలుస్తాం?

ఇంకో చిక్కుంది. హైస్కూలు గేటు దాకా వచ్చేది ఎవరు? ఐదో తరగతిలో చురుగ్గా ఉన్న పిల్లల్లో కొందరు వేలేరు నవోదయ పరీక్ష రాస్తారు. అక్కడ ఆరో తరగతిలో తీసుకునేది 80 మందిని. ఇంకొందరు గురుకులాలకి వెళ్తారు. ఫీజు కట్టగలిగినవాళ్లు ప్రైవేటుకి వెళ్తారు. వీళ్లందరూ పోగా మిగిలిన ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ జిల్లా పరిషత్ హైస్కూలు కాదనకుండా చేర్చుకోవాలి. కూడికలు రానివాణ్ణీ, ఏడాదిలో సగం రోజులు అమ్మానాన్నలతో పనికెళ్లేవాణ్ణీ కూడా. వడపోసిన నీళ్లనీ కాలవ నీళ్లనీ పక్కపక్కన పెట్టి, చూశారా ఏది తేటగా ఉందో అనడం ఏం న్యాయం?

ఈ తేడాని ప్రభుత్వమే ఒప్పుకుంది కూడా. 2008లో పెట్టిన నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో సీట్లిచ్చేటప్పుడు ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్ స్కూళ్ల పిల్లలకి 4 శాతం అదనంగా కలుపుతారు. అక్కడి పిల్లాడు అదే మార్కు తెచ్చుకోవడానికి ఎక్కువ మెట్లెక్కి వచ్చాడని దానర్థం. వింతేమిటంటే, హైస్కూలు పనికిరాదని వాదించే పెద్దమనుషులు కొందరు ఈ 4 శాతం సంగతి మాత్రం చాలా శ్రద్ధగా వాకబు చేస్తారు.

ఇద్దర్నీ ఒకే గీత మీద నిలబెట్టి పోల్చడం కుదరదా అంటే, ఒకసారి మన రాష్ట్రంలోనే చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి ఐదు జిల్లాల్లో 180 పల్లెల్లో, ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరికి లాటరీ వేసి ప్రైవేటు స్కూలు ఫీజులు కట్టారు. లాటరీ కాబట్టి తెలివైనవాళ్లు, డబ్బున్నవాళ్లు అన్న తేడా లేదు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో అచ్చు వేసిన ఫలితమేమిటంటే, నాలుగేళ్ల తర్వాత తెలుగులోనూ లెక్కల్లోనూ రెండు రకాల పిల్లలకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. ప్రైవేటు బళ్లలో తెలుగుకీ లెక్కలకీ తక్కువ సమయం కేటాయించి కూడా అంతే నేర్పారు. ఒక్కో పిల్లాడి మీద పెట్టిన ఖర్చేమో ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. చూశారా, ఈ ఒక్క అధ్యయనంలోనే రెండు వర్గాలకీ చెరో చెంపదెబ్బ ఉంది. డబ్బు కట్టినంత మాత్రాన చదువు ఎక్కువ రాదు. అంత జీతాలిచ్చినంత మాత్రానా రాదు. ఇది చిన్న తరగతుల సంగతి కాబట్టి హైస్కూలుకి యథాతథంగా అంటించలేం, కానీ మన ధీమాలు తగ్గించుకోవడానికి చాలు.

ఇక ఇంగ్లీషు. మంచి బడి అంటే ఏమిటన్న పేచీ మా ప్రాంతానికి కొత్తేం కాదు. 1843లో రాబర్ట్ నోబుల్ బందర్లో ఇంగ్లీషు బడి పెట్టాడు, అదే నోబుల్ కాలేజీ అయింది. ఆ రకం చదువు మనకొద్దనుకున్న కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు అదే బందర్లో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. అక్కడ చదువుతో పాటు చేతిపనులూ చిత్రలేఖనమూ నేర్పారు. నూటపదేళ్లు దాటినా మనం అదే ప్రశ్న దగ్గర ఉన్నాం. అద్దకం షెడ్డులో పనిచేసే తండ్రి కొడుక్కి ఇంగ్లీషు కావాలనడంలో తప్పేమీ లేదు. ఇంగ్లీషుతో జీతం తెచ్చుకుంటున్న మనం ఆయనకి మాతృభాష గొప్పదనం గురించి క్లాసు పీకడం అన్యాయం. కాకపోతే ఇంగ్లీషు రావడం వేరు, బోర్డు మీద ఇంగ్లీషు మీడియం అని ఉండటం వేరు. ఈ రెంటి మధ్య దూరం ప్రైవేటులోనూ ఉంది, ప్రభుత్వంలోనూ ఉంది.

రంగుల సంగతీ అంతే. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు మొదటి విడతలో రాష్ట్రంలో 15,715 బళ్లని బాగుచేయడానికి తీసుకున్నారు. మరుగుదొడ్లు, మంచినీళ్లు, బల్లలు, గోడలకి రంగులు. ఇవి చిన్న విషయాలని నేననను. మరుగుదొడ్డి లేకపోతే ఆడపిల్ల బడి మానేస్తుంది. కానీ అది యూఐ. వెనక సర్వరు నడవాలంటే మేష్టారుండాలి. 2018 డీఎస్సీ తర్వాత 16,347 పోస్టులతో పెద్ద డీఎస్సీ వచ్చింది 2025లో. మధ్యలో ఏడేళ్లు రిటైరైనవాళ్లు రిటైరవుతూనే ఉన్నారు కదా.

ఇంత చెప్పి నా జవాబేమిటో చెప్పకపోతే బాగుండదు. మా పెద్దమ్మ కూతురు, అక్క అని పిలుస్తాను, కొడుకుని ఆరో తరగతిలో ఎక్కడ వేయాలని నన్నడిగింది. బావది కలంకారీ అద్దకం పని. ముసురు పట్టిందంటే గుడ్డ ఆరదు, పని ఉండదు, కూలీ రాదు. ప్రైవేటు స్కూలు ఫీజుకి మాత్రం ముసురు ఉండదు. ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసే డబ్బు ఏ బడికైనా వస్తుంది కానీ, అది ఫీజులో ఓ మూలకే సరిపోతుంది. మిగతాది అప్పే.

అక్కకి నేను హైస్కూల్లోనే వేయమన్నాను. అప్పు చేసి కొనుక్కునేంత తేడా నాకెక్కడా కనపడలేదు, అదీ కారణం. వేసి ఊరుకోవద్దని కూడా చెప్పాను. లెక్కలకీ, ఇంగ్లీషుకీ, సైన్సుకీ మేష్టార్లు అందరూ ఉన్నారా? చేరేనాటికి మావాడికి ఏం వచ్చు, ఆర్నెల్ల తర్వాత ఏం వచ్చు? రానివాళ్లకి విడిగా చెప్తున్నారా? ఈ మూడూ అడగమన్నాను. అడిగే హక్కు చట్టంలోనే ఉంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లుండాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు, 2025 జులైలో మళ్లీ పెట్టారు. అలాంటి రోజున ఫొటోలు దిగి వచ్చేయకుండా ఈ మూడు ప్రశ్నలు పదిమంది తల్లులు అడిగితే చాలు.

అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది. గట్టిగా అడగగలిగినవాళ్లందరం పిల్లల్ని తీసుకుని బయటికొచ్చేశాం. అడిగితే ఏమంటారోనని భయపడేవాళ్లు లోపల మిగిలారు. ఆ తర్వాత బయట నిలబడి, లోపల ఎవరూ అడగట్లేదని మనమే తీర్పు చెప్తున్నాం. బడికి చెడ్డపేరు వస్తే చేరేవాళ్లు తగ్గుతారు, చేరేవాళ్లు తగ్గితే పోస్టులు తగ్గుతాయి, పోస్టులు తగ్గితే ఆ చెడ్డపేరే నిజమవుతుంది. మనం వాట్సాప్‌లో అలవోకగా పడేసే ఒక్క మాట ఈ చక్రంలో ఒక ఆకు.

మీ ఊరి బడి గురించి ఈసారి ఎవరన్నా అడిగితే, జవాబు చెప్పేముందు యూడైస్ వెబ్‌సైటు తెరవండి. ప్రతి బడికీ పదకొండంకెల కోడు ఉంటుంది. ఎంతమంది పిల్లలు, ఎంతమంది మేష్టార్లు అన్నీ అక్కడుంటాయి. పండక్కి ఊరెళ్లినప్పుడు ఓ గంట వీలు చేసుకుని హెడ్మాస్టరు గారిని కలిసి, ఏ సబ్జెక్టుకి మేష్టారు లేరో కనుక్కోండి. మన ఆఫీసులో లాగ్ చూడకుండా సర్వరు పోయిందని ఎవరైనా అంటే ఊరుకుంటామా? మనం చదువుకున్న బడికీ ఆ పాటి మర్యాద ఇద్దాం.