డాక్టరు కన్నా ముందే... వీధిలోకి!

గుండె ఆగిపోయాక మెదడుకు మిగిలేది నాలుగైదు నిమిషాలే. ఆ కాస్త సమయంలో ఎంత గొప్ప డాక్టరైనా ఆసుపత్రిలో కూర్చుంటే ఏం లాభం? మనిషి పడిపోయింది వీధిలో కదా!

1960ల్లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరం పరిస్థితి అదే. విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో నిపుణులకు కొదవలేదు. కానీ ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఇంటి ముందుకొచ్చేది పోలీసు వ్యాను. పోలీసులిద్దరూ ముందు సీట్లో. రోగి వెనకాల, ఒంటరిగా. ఆ రోజుల్లో అమెరికాలో చాలా ఊళ్లకు శవాలను మోసే బండే అంబులెన్సు కూడా!

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మత్తు వైద్య విభాగాన్ని స్థాపించిన డాక్టర్ పీటర్ సఫార్‌కు ఇది మింగుడుపడలేదు. ఆగిన ఊపిరిని నోటితో గాలి ఊది నిలబెట్టవచ్చని 1950ల్లో బాల్టిమోర్‌లో ప్రయోగాలు చేసి నిరూపించింది ఆయనే. వైద్యం చదవనివాళ్లూ ఆ పని చేయగలరని అప్పుడే చూపించారు. అలాంటి మనిషి ఇంట్లోనే విషాదం. 1966లో ఆయన చిన్నారి కూతురు ఎలిజబెత్ ఉబ్బసంతో కన్నుమూసింది.

ఆ దుఃఖాన్ని ఆయన పనిగా మార్చుకున్నారు. అంబులెన్సు అంటే రోగిని మోసుకొచ్చే బండి కాదు, ఆసుపత్రే రోగి దగ్గరికి వెళ్లాలన్నారు. లోపల ఏ పరికరం ఎక్కడుండాలో తానే రూపకల్పన చేశారు. మరి అందులో ఎక్కేదెవరు?

హిల్ డిస్ట్రిక్ట్ అనే పేద నల్లజాతి పేటలో 'ఫ్రీడమ్ హౌస్' అనే సంస్థ ఉండేది. 1967లో దానితో కలిసి స్థానిక నిరుద్యోగులను ఎంచుకున్నారు. వాళ్లలో హైస్కూలు చదువు పూర్తికానివాళ్లున్నారు, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. సుమారు 300 గంటల శిక్షణ. శరీర నిర్మాణం దగ్గర్నుంచి ఆసుపత్రి వార్డుల్లో పని దాకా అన్నీ నేర్పారు. డాక్టర్లకు అత్యవసర వైద్యంలో అమెరికా తొలి ప్రత్యేక శిక్షణ సిన్సినాటిలో మొదలైంది 1970లో. అప్పటికే వీళ్లు రోడ్డెక్కేశారు!

ఆసుపత్రిలో ఆర్డర్లీగా పనిచేసే జాన్ మూన్ వాళ్లను చూసి తానూ అలా కావాలనుకున్నారు, అయ్యారు. తర్వాత వైద్య బాధ్యతలు చేపట్టిన డాక్టర్ నాన్సీ కెరొలిన్ స్వయంగా అంబులెన్సులో తిరుగుతూ వాళ్లకు మెలకువలు నేర్పారు. ఆ అనుభవంతోనే దేశమంతటికీ పనికొచ్చే పారామెడిక్ పాఠ్యప్రణాళిక తయారుచేశారు.

ఇంత చేసినా దక్కిందేమిటి? 1975లో నగర పాలకులు సొంత సర్వీసు పెట్టి ఫ్రీడమ్ హౌస్‌ను మూసేశారు. కొత్త సర్వీసులో పాతవాళ్లు చాలామంది నిలవలేకపోయారు. నిలిచిన మూన్ మాత్రం పట్టుదలతో ఉన్నత స్థాయికి ఎదిగారు.

సంస్థ పోయింది. ఆలోచన మిగిలింది. 2005 ఆగస్టు 15న మన దగ్గర 108 మొదలయ్యేదాకా పల్లెల్లో ఆటో, జీపు, ట్రాక్టరే దిక్కు. ఆ బండిలో డాక్టరు ఉండరు. శిక్షణ పొందిన ఈఎంటీ ఉంటారు, బండి నడిపే 'పైలట్' ఉంటారు. సఫార్ నమ్మిందీ అదే. తన విద్యను తన గదిలో దాచుకోకుండా గడప దాటించడమే ఆయన చూపిన నాయకత్వం.

అయితే 108 ఎంత వేగంగా వచ్చినా కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో పక్కనుండేది మనమే. ఛాతీ మీద నొక్కి గుండెను ఆడించే సీపీఆర్ నేర్చుకోవడానికి ఒక్క పూట చాలు. మీ ఇంట్లో ఎంతమందికి వచ్చు?